చామనచాయకు ట్యూబు లేదు

“చామనచాయ ట్యూబు వుందాండీ?” అని కోఠీలో ఒక రంగుల దుకాణంలో అడిగితే, కొట్టు యజమాని నన్ను అదోలా చూశాడు. జాకెట్టుముక్కల కొట్టుకి వెళ్ళబోయి దారితప్పి తన కొట్లోకి వచ్చాననుకున్నాడేమో పాపం!

“దేనికమ్మా?” అన్నాడు.

“ఆయిల్ పెయింటింగుకండీ. మనిషి ముఖానికి.”

“అలా చెప్పండి మరి!” అంటూ ఓ ట్యూబు తీసి బల్లమీద పెట్టాడు. దానిమీద ‘ఫ్లెష్ టింట్’ అని రాసి వుంది. ఒంటిరంగు అన్నమాట. మూత తిప్పి చూద్దును గదా, లేత గులాబీరంగు! అప్పుడే పుట్టిన దొరల బిడ్డ బుగ్గలా నవనవలాడుతోంది. నా చెయ్యి దాని పక్కన పెట్టి చూశాను. కుదరలేదు. అతని చేతివంక చూశాను. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కుర్రాడి చేతివంక చూశాను. ముగ్గురివీ మూడు రంగులు. మూడింట్లో ఒక్కటీ ఆ ట్యూబులో లేదు.

“ఇది ఎవరి ఒంటిరంగు బాబూ?” అన్నాను వుండబట్టలేక.

“అందరూ యిదే పట్టుకెళతారమ్మా” అన్నాడు.

అందరూ యిదే పట్టుకెళతారు! నా పోట్లాటంతా ఈ ఒక్క మాటతోనే. పోట్లాటకి దిగేముందు నా సంగతి కాస్త చెప్పుకోవాలి గదా.

మాది శంషాబాద్. మాది అంటే అత్తవారిది. నేను పుట్టింది రాజమండ్రి. ఇప్పుడు శంషాబాద్ అనగానే “ఏ ఫ్లయిటుకి?” అంటారు జనం. ఇక్కడ కాపురాలు చేసుకునేవాళ్ళు కూడా వుంటారని ఎవరికీ తోచదు. నెత్తిమీద విమానం వెళుతుంటే పప్పుకుక్కరు విజిళ్ళు లెక్క తప్పిపోయే ఇళ్ళు మావి. 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలయ్యేదాకా మా అత్తమ్మకి ఈ వూరంటే జొన్నచేలూ, ద్రాక్షపందిళ్ళూ. విమానాశ్రయానికి తీసుకున్న అయిదువేల పైచిలుకు ఎకరాల్లో మావాళ్ళ రెండెకరాలూ కలిసిపోయాయి. ఆ సంగతి అలా వుంచండి.

పిల్లలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళిపోయాక, యాభైనాలుగో ఏట నేను కుంచె పట్టుకున్నాను. “హాబీయా వదినా? మంచి కాలక్షేపమే” అంది పక్కింటావిడ. మగవాడు ఈ వయసులో కుంచె పడితే కళాతృష్ణ, ఆడది పడితే కాలక్షేపం! నాకు కాలక్షేపం అక్కర్లేదు. నా కాలం దానంతట అదే క్షేపమైపోతోంది. నేను రంగుల్లోకి దిగింది మా అమ్మ పటం మూలాన.

మా అమ్మది చామనచాయ. కొత్త చింతపండు రంగనేది మా అమ్మమ్మ. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు. చిన్నప్పుడు గడప తగిలిన గుర్తు. మెళ్ళో నల్లపూసలు తప్ప బంగారం ఎరగదు. అమ్మ పోయిన పదోరోజు వెతికితే ఇంట్లో ఆవిడ ఒక్కత్తీ వున్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ప్రతి పెళ్ళి ఫొటోలోనూ అంచున వుంది. చేతిలో ఏ పళ్ళెమో, చంకలో ఎవరి పిల్లో! చివరికి మా పిన్నికూతురి పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి ముఖం కత్తిరించి ఒక స్టూడియోకిచ్చారు, పెద్దది చెయ్యమని.

వారం తర్వాత పటం వచ్చింది. మా అమ్మ తల ఎవరిదో భుజాల మీద కూచుంది. వంటిమీద కంచిపట్టు చీర, మెళ్ళో కాసులపేరు. కనుబొమ మీది గాటు లేదు. ముఖం తెల్లగా సున్నం కొట్టిన గోడలా వుంది. “కలరు కూడా మేమే కరెక్టు చేశామండీ, దానికి చార్జీ వెయ్యలేదు” అన్నాడుట స్టూడియో అతను, ఉపకారం చేసినట్టు. నాన్నగారు ఆ పటాన్ని చాలాసేపు చూసి “బావుంది” అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయన బావుందన్నది దేన్నో నాకు ఇప్పటికీ తెలియదు.

పదకొండేళ్ళుగా ఏటా తద్దినంనాడు ఆ పటానికి దండ వేస్తున్నాం. ఎవరో ముక్కూమొహం తెలియని మహాతల్లికి దణ్ణం పెడుతున్నాం. మా అమ్మకి మాత్రం కాదు.

ఇప్పుడు మా అత్తమ్మకి ఎనభైయొకటో ఏడు. ఆవిడ విషయంలోనూ ఇలాగే జరగనిస్తానా? జరగనివ్వకూడదనే ఒక డ్రాయింగు మాస్టారి దగ్గర చేరాను. మాసాబ్ ట్యాంకు దగ్గరి లలితకళల కాలేజీలో చదువుకుని, ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి రిటైరయిన పెద్దాయన. నా గులాబీ ట్యూబు చూసి నవ్వి, “దీన్ని ఇంట్లో పిల్లలకివ్వండమ్మా, తామరపూలు వేసుకుంటారు” అన్నారు.

మొదటి రెండు నెలలూ రంగు ముట్టనివ్వలేదు. ఒకరోజు కోడిగుడ్డు, ఒకరోజు వంకాయ. బొగ్గుముక్కతో వాటి బొమ్మలు వెయ్యాలి. “వంకాయ ఏ రంగమ్మా?” అన్నారు. “నలుపండీ” అన్నాను. “నల్లగా వుందంటే మీరింకా చూడలేదన్నమాట” అన్నారు. కళ్ళు చికిలించి చూడమన్నారు. అలా చూస్తే వివరాలు పోయి, ఎక్కడ వెలుగో ఎక్కడ నీడో అదొక్కటే మిగులుతుంది. నిజమే! కిటికీవైపు వంకాయ మీద ఆకాశం నీలంగా మెరుస్తోంది. బల్లవైపు అడుగున బల్లచెక్క ఎరుపు తగిలి వెచ్చగా వుంది. మధ్యలో వూదా. ముప్ఫయ్యేళ్ళు వంకాయకూర వండాను గానీ వంకాయని చూడలేదు!

ముఖం కూడా అంతేనట. కొత్తవాళ్ళు కళ్ళని ఎప్పుడూ తలకి మరీ పైన పెట్టేస్తారు. కొలిచి చూడండి: మాడు నుంచి గడ్డం దాకా తీసుకుంటే కళ్ళు సరిగ్గా సగంలో వుంటాయి. చెయ్యి బారజాపి కుంచెకాడతో కొలతలు తియ్యాలి. వెలుగు ఒకే కిటికీలోంచి, ఒక పక్కనుంచి పడాలి. ఉత్తరపు కిటికీ అయితే ఎండ లోపలికి రాదు గనక వెలుగు రోజంతా కాస్త నిలకడగా వుంటుంది. మా ఇంట్లో ఉత్తరపు కిటికీ వంటింట్లో వుంది. అందుచేత మా వంటిల్లే స్టూడియో అయింది. పొయ్యి ఆర్పాకే టర్పెంటైను సీసా మూత తియ్యాలని మాస్టారి కట్టడి. మరో జాగ్రత్త కూడా చెప్పారు, మీరూ వినండి. అవిసెనూనె తుడిచిన గుడ్డపీలికలు ఉండచుట్టి మూలన పడేస్తే, ఆ నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్ళల్లో వేసి పారెయ్యాలి.

ఇహ రంగులు. స్వీడన్‌లో ఆండర్స్ జోర్న్ అని ఒక చిత్రకారుడు (1860-1920), తెలుపు, నలుపు, పచ్చమట్టి రంగు, ఎరుపు - ఈ నాలుగింటితోనే ఎంతోమంది ముఖాలు వేశాడట. మాస్టారు నాకు ఆరిచ్చారు. తెలుపు, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియన్నా, బర్న్‌ట్ అంబర్, క్రిమ్సన్, అల్ట్రామెరైన్ నీలం. వీటిలో మధ్యవి మూడూ ఏమిటనుకున్నారు? మట్టి! ఓకర్ అంటే పచ్చమన్ను, సియన్నా, అంబర్ అంటే కాల్చిన మన్ను. మన ఒంటిరంగు దుకాణంలో ట్యూబుగా దొరకదు గానీ, కాల్చిన మట్టిలో దొరుకుతుంది. కాస్త నీలం కలిపితే నీడ, కాస్త పచ్చమన్ను కలిపితే వెలుగు.

ఒక్క తెలుపు జోలికి మాత్రం తొందరపడి వెళ్ళకూడదు. చామనచాయ ముఖంలో వెలుగు చూపించాలని అదేపనిగా తెలుపు కలిపితే, ముఖం తెల్లబడదు, బూడిద పూసినట్టు చచ్చుగా అయిపోతుంది. పచ్చమన్నూ ఎరుపూ కలిపి వెలిగించాలి. నుదుటిమీదా ముక్కు చివరా మెరుపులో మాత్రం, వంకాయ మీద చూశానే, ఆ చల్లని ఆకాశపు నీలం కొద్దిగా. ఈ సంగతి తెలిసిననాడు మా అమ్మ పటం గుర్తొచ్చింది. ఆ స్టూడియోలో చేసింది సరిగ్గా ఇదే: అడ్డంగా తెలుపు పోశారు. ముఖం పోయింది.

అత్తమ్మని ఒప్పించడం రంగులు కలపడం కన్నా కష్టమైంది.

“నా పటమెందుకు బిడ్డా? నేనింకా సచ్చిపోలే గద!” అంది.

చూశారా! మన ఇళ్ళల్లో గోడమీది పటానికి అర్హత చావు. మగవాడికైతే పదవి వచ్చినా పటం వస్తుంది. ఆడదానికి దండతోనే రావాలి. బతికున్నవాళ్ళ బొమ్మ వేస్తే ఆయుష్షు తగ్గుతుందని మా తోటికోడలు కూడా హడిలిపోయింది. “ఆధార్ కార్డులో ఫొటో తీస్తే తగ్గని ఆయుష్షు నేను వేస్తే తగ్గుతుందా? దానికన్నా నా బొమ్మ నయంగానే వుంటుంది” అన్నాను. దానికి అత్తమ్మ నవ్వి, సరే కూచుంటానంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు కూచోవడం, పది నిమిషాలు నడుం వాల్చడం, మళ్ళీ ఇరవై నిమిషాలు. నేత చీర, చెవులకి గంటీలు, ఒళ్ళో రెండు చేతులు. మాస్టారు చెప్పినట్టు కాన్వాసుకి ముందు పల్చగా అంబర్ పూసి, దానిమీద నీడలు గుర్తుపెట్టుకున్నాను. కింది పూత పల్చగా టర్పెంటైనుతో, పై పూతలు నూనెతో. తారుమారైతే కొన్నేళ్ళకి బొమ్మ బీటలిస్తుంది.

ఇది మట్టి అని చెప్పి బర్న్‌ట్ సియన్నా చూపిస్తే వాసన చూసి, “అట్లయితే మా చేన్ల మన్ను గుడ పనికొచ్చేది. అంతా పాయె” అంది. కిటికీ అవతల విమానం దిగుతోంది. నేనేమీ అనలేదు.

నాలుగోసారి కూచున్నప్పుడు కాబోలు, అత్తమ్మ తలుపు దిక్కు చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, గొంతు తగ్గించి అడిగింది: “బిడ్డా, జర తెల్లగ జెయ్యరాదూ. నలుగురు జూసేది.”

నా చేతిలో కుంచె ఆగిపోయింది.

“ఎందుకత్తమ్మా? నీ రంగుకేమైంది?”

“నా పెండ్లినాడు మా అత్త నన్ను జూసి, ‘బొగ్గుముక్కను దెచ్చిన్రు’ అన్నది. గా మాట ఇంకా యాదికున్నది” అంది.

పద్నాలుగో ఏట విన్న మాట! ఎనభైయొకటో ఏట యాదికున్నది. మధ్యలో ఆవిడ నలుగురు పిల్లల్ని కన్నది, నాట్లు వేసింది, మామగారికి పక్షవాతం వస్తే ఎనిమిదేళ్ళు చేసింది, ముప్ఫయ్యేళ్ళలో నన్ను ఒక్క కానిమాట అనలేదు. ఇవేవీ ఆ ఒక్క మాటని తుడిచెయ్యలేకపోయాయి. అమ్మా, ఇప్పుడు చెప్పండి. నా పోట్లాట రంగు ట్యూబుతోనేనా?

మన కళ్ళకి ఈ తెలుపు పిచ్చి ఎవరు నేర్పారని ఆలోచించాను. రవివర్మ మీద తోసెయ్యడం తేలిక. ఆయన (1848-1906) నూనెరంగులు ఎలా నేర్చుకున్నాడో తెలుసా? 1868లో తిరువాన్కూరు ఆస్థానానికి థియొడోర్ జెన్సెన్ అనే పరదేశపు చిత్రకారుడు వస్తే, ఆయన వేస్తుంటే చూడ్డానికి మాత్రమే అనుమతి దొరికిందిట. చూసి నేర్చుకున్నాడు. 1894లో అచ్చుకూటం పెట్టి లక్ష్మినీ సరస్వతినీ ఇంటింటికీ పంపించాడు. ఆ తెల్లని దేవతలే మన పూజగదుల్లో, తర్వాత మన క్యాలెండర్లలో, తర్వాత మన పెళ్ళిచూపుల్లో! కానీ ఆయనే 1893లో వేసిన ‘జిప్సీలు’ చిత్రంలో చెట్టుకింద కూచున్న ఆ పేదతల్లినీ పిల్లల్నీ చూడండి. ఎండకి కమిలిన మన మనుషులే వాళ్ళు. అంటే ఆయన కంటికి ఆ రంగు తెలుసు, ఆయన చేతికి వచ్చు. ఇంటికి ఏది తెచ్చుకున్నామన్నది మన ఎంపిక. అన్నట్టు, ఆయన చెల్లెలు మంగళాబాయి కూడా నూనెరంగుల్లో బొమ్మలు వేసేది, అన్నగారి రూపచిత్రమే వేసింది. ఆ పేరు మనలో ఎంతమంది విన్నాం?

మా రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897-1925) వుండేవాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి మన గోదావరి మనుషుల్నే బొమ్మలు వేశాడు. ఇరవైయెనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. భార్య సత్యవాణి కూడా చిత్రకారిణే. ఆయన పేర రాజమండ్రిలో చిత్రశాల వుంది. చిన్నప్పుడు బడివాళ్ళు మమ్మల్ని వరసగా నడిపించి చూపించారు. ‘అల్లరి చెయ్యకండి’ అని చెప్పారు గానీ, చూడండని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి చుట్టాలందర్నీ తీసుకెళతాం గదా. అక్కడ నవాబులకీ, దివానులకీ నిలువెత్తు తైలవర్ణ చిత్రాలు. షేర్వానీ మీది జరీ పోగుతో సహా లెక్కపెట్టుకోవచ్చు. మరి జనమంతా మూగి చూసే స్త్రీ ఎవరు? ముసుగు రెబెక్కా! బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోముకి వెళ్ళి కొనుక్కొచ్చాడు. అద్భుతమే, కాదనను. కానీ చూడండి, మగవాళ్ళకి ముఖాలున్నాయి. ఆడమనిషికి ముఖంమీద ముసుగు, ఒంటికి పాలరాయి తెలుపు. నా వ్యాసానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

పాతరోజుల్లో స్టూడియోవాళ్ళు నెగటివు మీద పెన్సిలుతో ‘టచింగు’ చేసి మచ్చలు తీసేసేవారు. ఇప్పుడా పని సెల్‌ఫోను అడక్కుండానే చేసిపెడుతోంది. మా ఆడపడుచు కూతురు ఇంజనీరింగులో పై చదువు చదివిన పిల్ల. సంబంధాలకి పంపిన ఫొటోలో దాన్ని మల్లెపువ్వు చేసేశారు. పెళ్ళివారొచ్చి పిల్లని చూసి, ఫొటో చూసి, మళ్ళీ పిల్లని చూసి “ఈ అమ్మాయేనా?” అన్నారు. లోపలికొచ్చి ఆ పిల్ల ఏడవలేదు. ఫోను తీసి ఆ ఫొటో చెరిపేసింది. తప్పు పెళ్ళివారిదే అనను. ఆ ఫొటో పంపిన మనం ముందే ఒప్పుకున్నాం గదా, పిల్ల వున్నది వున్నట్టుగా చాలదని!

గర్భగుడిలో నల్లరాతి దేవుడికి సాష్టాంగపడతాం. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆవిడ మేనిఛాయ వల్ల వచ్చిందని పురాణంలో విని తలలాడిస్తాం. ఇంటికొచ్చి మనవరాలికి శనగపిండి, మీగడ రాస్తాం. అమెరికాలో పిల్లల రంగుపెన్సిళ్ళ కంపెనీ క్రేయోలా, ‘ఫ్లెష్’ అని పేరుపెట్టిన లేతరంగుని 1962లో ‘పీచ్’ అని మార్చింది. ఒంటిరంగు అంటే ఒక్క తెల్లవాళ్ళది కాదు గదా అని. మనకి ముఖానికి రాసుకునే క్రీము పేరులో ‘ఫెయిర్’ తీసెయ్యడానికి 2020 దాకా పట్టింది. పేరు మారింది, సంతోషం. మన నోళ్ళు ఎప్పుడు మారతాయో! “పిల్ల నలుపే గానీ కళైన ముఖం” - ఈ ‘గానీ’ మన నాలుకలమీంచి ఎప్పుడు దిగుతుంది?

“ఎవరి సరదా వాళ్ళది, పెద్దావిడ అడిగినప్పుడు కాస్త తెల్లగా వేస్తే నీ సొమ్మేం పోయింది?” అంది మా తోటికోడలు. నేనూ తటపటాయించాను. అడిగింది ఆవిడ, బొమ్మ ఆవిడది. నా సిద్ధాంతాల కోసం ముసలావిడ ముచ్చట కాదనడమేమిటని రెండు రాత్రులు నిద్రపట్టలేదు. ఆలోచిస్తే తోచింది: నేను తెలుపు కలిపిన మరుక్షణం, అరవైయేడేళ్ళ కిందట ఆ అత్తగారన్న మాట నిజమేనని నేను కూడా సంతకం పెట్టినట్టు. ఆ సంతకం నేను పెట్టను.

“ఫొటో వుండగా ఇదంతా ఎందుకమ్మా?” అని మా అబ్బాయి. ఫొటో తీసేవాడు మనిషిని రెప్పపాటు చూస్తాడు. నేను మా అత్తమ్మని పద్ధెనిమిదిసార్లు, గంటేసి సేపు చూశాను. ముప్ఫయ్యేళ్ళు ఒకే కప్పుకింద కాపురముండీ నాకు తెలియనివి అప్పుడు తెలిశాయి. ఆవిడ ఎడమకన్ను కుడికన్ను కన్నా చిన్నది. కింది పెదవి ఏదో చెప్పబోయి మానుకున్నట్టు వుంటుంది. బొటనవేలి మీద కొడవలి గాటు. అడిగితే చెప్పింది, పెద్దమ్మాయి పుట్టిన నెలకే కోతకి వెళ్ళినప్పటిదట. నుదుటి మీద పైట కప్పివుండే మేర రంగు ఒకటి, ఎండ తగిలే మేర ఒకటి. ఆ రెంటికీ మధ్య గీతని నేను వేయగలిగిననాడు మాస్టారు “ఇప్పుడు చూడ్డం వచ్చిందమ్మా” అన్నారు.

మా వూరికి ఈ పేరు పైగా ప్రభువుల ‘షమ్స్-ఉల్-ఉమ్రా’ అనే బిరుదు మీదుగా వచ్చిందంటారు. షమ్స్ అంటే అరబ్బీలో సూర్యుడు. సూర్యుడి పేరు పెట్టుకున్న వూళ్ళో, ఆ ఎండలోనే అరవయ్యేళ్ళు పనిచేసిన మనిషి ఏ రంగులో వుంటుంది? అది కష్టం రంగు. దాన్ని చెరిపితే ఆవిడ చేసిన పనిని చెరిపినట్టు.

“మామూలు ఇల్లాలికి చిత్రపటమేమిటి?” అనేవాళ్ళకొక మాట. ప్రపంచమంతా వరసకట్టి చూసే మోనాలిసా ఎవరనుకున్నారు? రాణీగారా? ఫ్లోరెన్సు నగరంలో ఒక పట్టుబట్టల వర్తకుడి భార్య, పిల్లల తల్లి. 1514లో డ్యూరర్ అనే జర్మనీ చిత్రకారుడు అరవైమూడేళ్ళ వాళ్ళమ్మ బొమ్మని బొగ్గుతో గీశాడు. పద్ధెనిమిదిమందిని కన్న తల్లి. ఎముకలు పొడుచుకొచ్చిన మెడ, ముడతలుపడ్డ నుదురు, ఒక్కటీ దాచలేదు. రెండు నెలలకి ఆవిడ పోయింది. అయిదువందల ఏళ్ళుగా ఆ బొమ్మ మాత్రం వుంది. అతను వాళ్ళమ్మని అందంగా చెయ్యలేదు. అమ్మగా వుంచాడు.

నేను డ్యూరర్‌ని కాను లెండి. నా బొమ్మలో కుడిచెయ్యి కాస్త అరటిగెలలా వచ్చింది. గంటీలు బావున్నాయని మాస్టారే మెచ్చుకున్నారు. ముఖం మాత్రం ముఖమే. తెల్లగా చెయ్యలేదు, కాల్చిన మట్టీ, పచ్చమన్నూ, ఎరుపూ, నుదుటిమీద కాస్త ఆకాశం.

అయిపోయిన రోజున స్టాండు అత్తమ్మవైపు తిప్పాను. నా గుండె దడదడలాడింది. అడిగిన కోరిక తీర్చలేదు గదా! ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. తెల్లగా చెయ్యలేదేమని అడగలేదు.

“గిది నేను గాదు బిడ్డా. మా అవ్వ” అంది.

ఆవిడ తల్లికి ఫొటో లేదు. ఏ కాగితం మీదా లేదు. పోయి యాభయ్యేళ్ళు దాటింది.

“ఎన్ని దినాలాయె మా అవ్వను జూసి!” అని, తడి ఆరని బొమ్మని ముట్టుకోబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ స్టూడియోలో వాళ్ళు గనక ‘కరెక్టు’ చేసివుంటే ఆవిడకి వాళ్ళమ్మ కనిపించేదా? పోలిక అంటే తరాలు దాటి వచ్చిన ఆస్తి. దాన్ని తెల్లరంగు పూసి పారేసుకుంటున్నాం. ఇదే నా పోట్లాట.

నూనెరంగు ఆరడం ఓ ప్రహసనం. పైకి ఆరినట్టే వుంటుంది గానీ, లోపల గట్టిపడ్డానికి ఆర్నెల్లు, ఏడాది. అప్పటిదాకా వార్నిషు పుయ్యకూడదు. అందుచేత హాల్లో గాలి తగిలేచోట తగిలించాం, దండ లేకుండా. మొన్న షాద్‌నగర్ నుంచి మా ఆయన మేనమామ కొడుకు వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, పటం చూసి గతుక్కుమని, చేతులు జోడించి, “ఎప్పుడాయె వదినా? ఒక్క ఫోనన్న జెయ్యకపోతిరి!” అన్నాడు కంటనీరు పెట్టుకుని. లోపల్నించి అత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఏమాయెరా, ఎవల్ బోయిన్రు?” అంది. పాపం, అతను తేరుకోడానికి రెండు గ్లాసుల నీళ్ళు పట్టాయి.

నవ్వకండి. అతని తప్పేముంది? గోడమీద ముసలావిడ వుందంటే పోయిందనే అర్థం మనకి. ఆ అర్థాన్ని మార్చడం మన చేతుల్లో వుంది. మీ అమ్మనో అత్తగారినో కిటికీ పక్కన కూచోబెట్టండి. నూనెరంగులే అక్కర్లేదు, పిల్లల నోటుపుస్తకం, పెన్సిలు చాలు. బొమ్మ కుదరకపోయినా నష్టం లేదు, గంటసేపు చూడ్డం మిగులుతుంది. ఆవిడ “తెల్లగా చెయ్యి” అంటే మాత్రం, ఆ మాట ఎవరు నేర్పారో అడగండి. అడిగి, వినండి.

కోఠీ దుకాణంలో ఆ గులాబీ ట్యూబు ఇంకా అమ్ముతూనే వున్నారు. పోయిన నెల కాన్వాసు కోసం వెళ్ళినప్పుడు మళ్ళీ అడిగాను, “చామనచాయ వచ్చిందా బాబూ?” అని. అతను నన్ను గుర్తుపట్టి నవ్వేశాడు.

“లేదమ్మా. మీరు కలుపుకుంటున్నారుగా” అన్నాడు.

కాన్వాసు ఎవరికంటారా? మా అమ్మకి. ఫొటో చూసి వెయ్యను, పటం చూసి అసలే వెయ్యను. మా చిన్నక్కయ్యది అచ్చం అమ్మ రంగు, అమ్మ నుదురు. వచ్చే వారం దాన్ని కిటికీ పక్కన కూచోబెడుతున్నాను. కనుబొమ మీది గాటు నాకు గుర్తుంది.